బియ్యం మూటకు కాగని ఇంజిన్

మా కారు మే నెలలో కాగలేదు. రోడ్డు మీది తారు చెప్పులకు అంటుకునే ఎండలో, కడప నడిబొడ్డున అరగంట నిలబడినా ఇంజిన్ వేడి చూపే ముల్లు సగం దాటలేదు. అలాంటిది చలి మొదలై, పొద్దున్నే జనం చెవులకు మఫ్లర్లు చుట్టుకుని తిరిగే రోజుల్లో కాగడం మొదలుపెట్టింది. ఈ మాట ఎవరితో చెప్పినా మొదట నవ్వారు. తర్వాత నా వైపు ఒక రకంగా చూశారు. ఆడమనిషి డ్రైవింగ్ కదా అని ఆ చూపుకు అర్థం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ ఆ రోజుల్లో ఎవరి మీద కోప్పడాలో కూడా తెలియలేదు. ఎందుకు కాగుతోందో నాకే అంతుపట్టలేదు మరి.

మాది ఎర్రగుంట్ల దగ్గర ఒక పల్లె. నేను పుట్టింది ఆత్మకూరులో, పెళ్ళయి ఇటు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. పాత కారు ఒకటి కొన్నదీ, నలభై ఏళ్ళు దాటాక నేను డ్రైవింగ్ నేర్చుకున్నదీ మా అత్త కోసమే. ఆమెకు కిడ్నీలు రెండూ పనిచేయవు. సోమవారం, గురువారం కడపకు తీసుకుపోయి డయాలసిస్ చేయించాలి. పొద్దున ఎనిమిదింటికల్లా ఆమె యంత్రం పక్కన తన కుర్చీలో ఉండాలి. అరగంట ఆలస్యమైతే ఆ కుర్చీ బయట కాచుకుని ఉన్న మరొకరికి పోతుంది. అప్పుడు మధ్యాహ్నం దాకా పడిగాపులు కాయాలి, నాలుగు గంటలు ఎక్కించాల్సినది మూడు గంటలకే తీసేస్తారు. ఆ రాత్రికి ఆమె కాళ్ళు ఉబ్బుతాయి, ఊపిరి ఆడక దిండుకు ఆనుకుని కూర్చుంటుంది. కాబట్టి మా ఇంట్లో ఆ కారు కాగడమంటే కారుకు వచ్చిన జబ్బు మాత్రమే కాదు.

మొదటిసారి రైల్వే గేటు దగ్గర కాగింది. అత్తకు కుదుపులు పడవు, అందుకని సిమెంటు లారీల వెనకాల నత్తలాగా వచ్చాను. గేటు పడింది. గూడ్సు బండి ఎంతకీ తెగలేదు. చూస్తుండగానే ముల్లు ఎర్ర గీత మీదికి పోయింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. అత్త వెనక సీట్లో శాలువా, దాని మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. డయాలసిస్ మొదలైనప్పటి నుంచి ఆమెకు చలి ఎక్కువ. ఈ కాలంలో అద్దం వెంట్రుకవాసి దించినా వణుకుతుంది.

"ఏమ్మే, పొగ లేస్తాండాది?" అంది.

నేను దిగేలోపే నలుగురు పోగయ్యారు. మా దగ్గర బండి ఆగితే సాయానికి మనుషులకు కొదవ లేదు, సలహాలకు అసలే లేదు. టీ అంగడాయన బిందె తెచ్చాడు. చేతికి తువ్వాలు చుట్టుకుని ఒకాయన రేడియేటర్ మూత తిప్పాడు. నీళ్ళు పోశారు, బండి చల్లబడింది, మేము పోయాం. ముప్పావు గంట ఆలస్యం. కుర్చీ పోయింది.

కారు కొన్నప్పటి నుంచీ దానికి అప్పుడప్పుడూ నీళ్ళు పట్టి పెట్టేది అత్తే. ఆ తర్వాత ప్రతి సోమవారం, ప్రతి గురువారం పట్టసాగింది. ఆమెకు డాక్టరు రోజుకు అర లీటరు నీళ్ళే తాగమన్నాడు. ఒక చిన్న సీసా పెట్టుకుని, గుక్క గుక్కకూ సీసాను వెలుతురుకు ఎత్తి చూసుకుంటుంది. అలాంటి మనిషి తెల్లారకముందే లేచి, మా బోరు కుళాయి కింద రెండు లీటర్ల సీసాలు రెండు నింపి, కారులో పెట్టించేది. "నాకెట్లా లేదు. దానికన్నా కడుపు నిండా తాపు" అనేది. ఆ మాట ఆమె నవ్వుతూనే అనేది. పోసేదాన్ని. నీళ్ళు కరువైన నేల మాది, ఎవరైనా నీళ్ళు ఇస్తే వద్దనే అలవాటు మాకు లేదు.

మెకానిక్కుల దగ్గరికి తిరిగాను. మొదటివాడు ఇంజిన్‌లో వాల్వు ఒకటి పీకి, నా చేతిలో పెట్టి, "మన ఎండలకు ఇది దండగక్కా, తీసేసినా" అన్నాడు. చలికాలం కదయ్యా అంటే, "ఎప్పుడైనా దండగే" అన్నాడు. రెండోవాడు రేడియేటర్ కడిగాడు. మూడోవాడు ఏమీ చేయలేదు. బండి వేసుకుని మధ్యాహ్నం ఊరంతా తిరిగొచ్చి, "బండి బ్రహ్మాండంగా ఉండాది. నువ్వు క్లచ్చి మీద కాలు పెట్టి తోలతాండావేమో చూసుకో" అన్నాడు. చిర్రెత్తుకొచ్చింది. వాడికి చెప్పాల్సిన నాలుగు మాటలు చెప్పి వచ్చాను కానీ, దారి పొడవునా నా ఎడమ కాలు వైపే చూసుకుంటూ తోలాను. రోడ్డు మీద ఉండాల్సిన చూపు కాలి మీద ఉంటే ఏమవుతుంది, ఒక గేదెను తప్పించబోయి గుంతలో దించాను.

మా ఆయన సెలవు రోజున తానొక్కడే కారు తీసుకుపోయాడు. కడపకు పోయి వచ్చాడు. ముల్లు కదల్లేదు. నేను ఒక్కదాన్నే ఎర్రగుంట్లకు సరుకులకు పోయి వచ్చాను, అప్పుడూ కదల్లేదు. గురువారం అత్తను ఎక్కించుకున్నాను. గేటు దాకా కూడా పోకముందే, లారీల వెనకాలే కాగింది.

అప్పటికి లెక్క మా ముగ్గురికీ అర్థమైంది, నోరు విప్పి ఎవరూ అనలేదు. మా అత్త ఎక్కితే కాగుతోంది. ఎక్కకపోతే కాగడం లేదు.

ఇది చదివేవాళ్ళు నవ్వుకోవచ్చు. నేను డిగ్రీ దాకా చదువుకున్నదాన్ని, శకునాలూ గికునాలూ పట్టించుకోను. అయినా సరే, వరుసగా ఆరుసార్లు అలాగే జరిగితే మనసు నిలవదు. కారు తాళం తిప్పేటప్పుడు అద్దంలో ఆమె ముఖం చూసేదాన్ని. నేనేమీ అనుకోవడం లేదని నాకు నేను చెప్పుకునేదాన్ని. నిజానికి అనుకునేదాన్ని. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అప్పుడే బియ్యం మూట ఆలోచన వచ్చింది. బరువు వల్లనేమో అని తోచింది. వెనక సీటు మీద బరువు పడితే బండి మీద భారం పడుతుందేమో. అత్త ఇప్పుడు యాభై కిలోలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఇంట్లో యాభై కిలోల బియ్యం మూట ఉంది. ఒక మధ్యాహ్నం అత్త నిద్రపోతున్నప్పుడు, పక్కింటాయన చేత ఆ మూటను ఆమె కూర్చునే చోట పెట్టించి, పడిపోకుండా సీటు బెల్టు వేశాను. ఎండ చురుక్కుమంటోంది. చలికాలమైనా మా దగ్గర మధ్యాహ్నం ఎండ ఎండే. పైగా సిమెంటు లారీల దుమ్ము. అద్దాలు ఎత్తేసి, ఏసీ వేసుకుని, అత్తను ఎంత నెమ్మదిగా తీసుకుపోతానో అంతే నెమ్మదిగా పోయాను. గేటు దగ్గర ఇంజిన్ ఆపకుండా ఇరవై నిమిషాలు కావాలని నిలబడ్డాను. గేటు కాపలాయన వచ్చి ఏం కావాలని కూడా అడిగాడు. ముల్లు కదల్లేదు.

ఇంటికి వచ్చేసరికి అత్త అరుగు మీద కూర్చుని ఉంది. కారు వెనక సీటు వైపు చూసింది. బెల్టు వేసుకుని కూర్చున్న బియ్యం మూటను చూసింది. నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

"దీనికి కాగలేదా?" అంది.

నేను బెల్టు విప్పడానికి వెనక తలుపు తీశాను.

"నేనెక్కితేనే కాగుతాందన్నమాట" అంది. మామూలుగానే అంది, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్లు. "నలభై ఏండ్లు మగ్గంలో కూచున్యా. గుడ్డలో తప్పొస్తే మగ్గాన్ని ఎవురన్నా తిట్టినారా? కూచున్నోళ్ళనే గదా అడిగేది."

ఆ సాయంత్రం కొడుకును పిలిచి చెప్పేసింది. "ఈ గురువారం ఒక్కటి పోయొస్తా నాయనా. మల్ల నన్ను పిల్చొద్దండి. ఆ బండికి నేను పడను. శానా కష్టపడితిరి ఇద్దరూ. ఇంక సాలు."

పోకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అదే వార్డులో మానేసిన ఇద్దరి సంగతి ఆమె చూసింది. మా ఆయన గడపలో కూర్చుని ఏడ్చాడు. ఆటో మాట్లాడదామన్నాడు, ఆ కుదుపులకు ఆమె ఒకసారి స్పృహ తప్పింది, అది కుదరదు. బాడుగ కారు అన్నాడు, ఆమె వినలేదు. "దాంట్లో కూచున్నా కాగుతాది" అంది. నేను ఆమె మీద అరిచాను. ఇంజిన్‌కూ నీకూ ఏం సంబంధమత్తా అని అరిచాను. అరుస్తున్నంతసేపూ లోపల, సంబంధం లేకపోతే మరి ఎందుకు కాగుతోంది అని నన్ను నేనే అడుగుతున్నాను. ఆమె దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకుంది.

గురువారం వచ్చింది. మంచు బాగా పట్టింది, నాపరాళ్ళ గోడల మీద తడి మెరుస్తోంది. ఆమె ఎక్కింది. అద్దాలు ఎత్తాను. గేటు పడింది. ముల్లు లేవడం మొదలుపెట్టింది. నేను స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాను.

పక్కన ఆగిన లారీలోంచి తెల్ల గడ్డం, తల మీద టోపీ ఉన్న పెద్దాయన ఒకాయన దిగి వచ్చి అద్దం మీద తట్టాడు. అందరిలాగా నీళ్ళు తెమ్మంటాడేమో అనుకున్నాను.

"బండి ఆపొద్దు. బానెట్ లేపమ్మా" అన్నాడు. లేపి, లోపలికి చెవి పెట్టి విన్నాడు. "ఇంత కాగితే ఫ్యాను తిరగాల. యాడ తిరుగుతాండాది? ఏసీ ఎయ్యి."

"మా అత్తకు చలి" అన్నాను.

"ఒక్క నిమిషం ఎయ్యమ్మా."

వేశాను. బానెట్ కింద ఫ్యాను గిర్రున తిరిగింది. ఆపమన్నాడు. ఆపాను, ఫ్యాను ఆగింది. మళ్ళీ వేయమన్నాడు, మళ్ళీ తిరిగింది. ముల్లు మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

"చూస్తివా? ఏసీ ఏసినప్పుడు దాని ఎంబడి ఫ్యానూ తిరుగుతాది. ఏసీ లేకుంటే ఇంజిన్ కాగినప్పుడు అదంతకదే లేయాల, లేయడంలే. ఎండాకాలం ఏసీ ఏసుకోనింటావు, కాగలేదు. ఇప్పుడు సలికి ఆపినావు. అంతే ఇది."

నాకు ఒక్కొక్కటే కళ్ళ ముందుకు వచ్చాయి. మా ఆయన ఏసీ లేకుండా బండి ఎక్కడు. ఆ మూడో మెకానిక్ మధ్యాహ్నం ఎండలో ఊరు తిరిగొచ్చాడు. సరుకులకు పోయినప్పుడు దుమ్ముకు నేనూ వేసుకున్నాను. బియ్యం మూటకు చలి వేయదు. ఏసీ లేకుండా మేము తోలింది అత్త ఉన్నప్పుడు మాత్రమే. ఇంత చిన్న సంగతి ఇద్దరు మనుషులకూ ముగ్గురు మెకానిక్కులకూ నెలన్నర పాటు తట్టలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"కానీ ఏసీ వేస్తే ఆమె వణుకుతుంది" అన్నాను మళ్ళీ.

ఆయన కిటికీలోంచి చెయ్యి పెట్టి, ఏసీ మీటల పక్కనున్న గుండ్రటి పిడిని చూపించాడు. సగం నీలం, సగం ఎరుపు. "ఎర్ర దిక్కుకు తిప్పు. నేను కాశ్మీరుకు ఆపిల్ లోడుకు పోతాంటి. ఆడ అందురూ తిప్పేది ఆ దిక్కుకే. ఇంజిన్ ఎచ్చన లోపలికొస్తాది. దానికీ సల్లగైతాది, అమ్మకీ ఎచ్చగుంటాది."

కారు కొని ఐదేళ్ళు. ఆ పిడి ఎప్పుడూ నీలం చివరనే ఉండింది. అది ఇటు కూడా తిరుగుతుందని నాకు తెలియదంటే నమ్మండి. మా దగ్గర వేడి కావాలని ఎవరు అడుగుతారు? బిగుసుకుపోయింది, రెండు చేతులతో తిప్పాల్సి వచ్చింది. మొదట కాలిన దుమ్ము వాసన వచ్చింది. తర్వాత వెచ్చటి గాలి మొదలైంది. అత్తను ముందు సీట్లోకి మార్చాను. ఆ గాలి ఆమె పాదాల మీదికి వచ్చింది. ఆమె దుప్పటి తీసి పక్కన పెట్టింది. నెలన్నరలో ఆమె దుప్పటి తీయడం అదే మొదటిసారి.

నాకు గాల్లో తేలిపోతున్నట్లుంది. గేటు తీశారు, పోతున్నాం, ముల్లు సగంలోనే ఉంది. అత్త మాత్రం ఆ ఎరుపు నీలం పిడినే చూస్తూ కూర్చుంది. కడప దగ్గరికి వచ్చాక అంది.

"అంటే నాకు సలి అని ఏసీ ఆపినందుకే గదా. నా వల్లనే అన్నమాట."

ఎనిమిదింటికి ఐదు నిమిషాల ముందే ఆమెను దింపి, బండి పెట్టి వచ్చేసరికి వార్డు నర్సు నన్ను తలుపు దగ్గరే ఆపింది. "మీ అత్త సోమవారం నుంచి రానంటోంది. కుర్చీ వేరేవాళ్ళకు ఇచ్చేయమంటోంది. కాచుకున్నవాళ్ళు ఉన్నారు. మధ్యాహ్నంలోపు ఏదో ఒక మాట చెప్పండి" అంది.

ఆమెకు సూదులు గుచ్చి యంత్రం మొదలుపెట్టగానే నేను దగ్గర్లో ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ అంగడికి పోయాను. పెద్దాయన చెప్పినదంతా చెప్పాను. అతను కింద పడుకుని, రేడియేటర్ అడుగు నుంచి వేలెడంత స్విచ్చి ఒకటి విప్పి తీశాడు. దాని తల మీద సున్నం కొట్టినట్లు తెల్లగా, మందంగా పొర కట్టి ఉంది. గోరుతో గీకినా రాలలేదు.

"బోరు నీళ్ళు పోస్తాండారా?" అన్నాడు.

అవునన్నాను.

"ఎర్రగుంట్ల నీళ్ళా? అదంతా సున్నపురాయి నేల గదక్కా. ఎన్ని దినాలైంది?"

"మొదటి నుంచీ అవే. ఈ నెలన్నరగా మరీ ఎక్కువ."

"ఎచ్చన తగిల్తే గదా ఇది ఫ్యాన్‌ను లేపేది. ఈ పొర కింద దీనికి ఎచ్చన యాడ తెలుస్తాది? ఇంగ నీళ్ళు ముట్టొద్దండి, కూలెంటే" అన్నాడు. కొత్త స్విచ్చి వేసి, రేడియేటర్ శుభ్రం చేసి, కూలెంట్ అనే పచ్చటి ద్రవం పోశాడు. ఏసీ ఆపి చాలాసేపు బండిని నిలబెట్టాం. ముల్లు సగం దాటబోతుండగా ఫ్యాను దానంతటదే లేచింది.

పాత స్విచ్చిని కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. దాన్ని పట్టుకుని ఆసుపత్రి మెట్లు ఎక్కుతుంటే నా బుర్ర మళ్ళీ పనిచేయలేదు. నిజం చెప్పాలంటే రెండు ముక్కల్లో ఉంది. నీ చలి కోసం ఏసీ ఆపాం, నీ నీళ్ళ వల్ల స్విచ్చి పాడైంది. గొంతు ఎండిపోతూ ఆమె పట్టిన నీళ్ళు. రెండు ముక్కలూ ఆమె దగ్గరికే పోతున్నాయి. శకునాలు నమ్మని నేను నెలన్నరగా వెతికిన కారణం చివరికి ఆమె అనుకున్నచోటే వచ్చి కూర్చుంది. మరి ఇంతకాలం ఆమెతో ఎందుకు వాదించాను? ఇప్పుడు ఏమని వాదించను?

ఆమె కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. నా అడుగులు గుర్తుపట్టింది.

"ఏమంటాడు?" అంది కళ్ళు తెరవకుండానే.

"స్విచ్చి పోయిందంట. ఏసీ ఉన్నా లేకున్నా ఫ్యాను తిరగాలంట. కొత్తది వేశాడు. నువ్వు ఉన్నా లేకున్నా అది కాగేదే అత్తా."

"ఏంటికి పోయింది?"

కాగితం పొట్లం నా పిడికిట్లో ఉంది.

"పాతదైపోయింది" అన్నాను. "ఇంక దానికి నీళ్ళు కూడా అక్కర్లేదంట. పచ్చటి మందేదో పోశాడు."

"నీల్లే అక్కర్లేదా? పెట్టి పుట్టింది" అంది.

అప్పుడు కళ్ళు తెరిచి నా ముఖంలోకి చూసింది. నేను చూపు తిప్పుకోకుండా నిలబడ్డాను. అది ఎంత కష్టమో నాకే తెలుసు. ఆమె పక్క కుర్చీలో ఉన్న ముసలామె వైపు తిరిగింది. "ఇంటివా ఈ మాట వదినా? నా వల్ల కాదంట. స్విచ్చంట" అంది. అటు పక్క ఉన్న ఆయనకూ చెప్పింది, నా వల్ల కాదంట అని. దుప్పట్లు మార్చడానికి వచ్చిన ఆయాకూ అదే చెప్పింది. ఎవరికీ ఏ కారు సంగతో తెలియదు, అందరూ తల ఊపారు. ఆమె ఎంత బరువు మోసిందో నాకు అప్పుడు తెలిసింది. బియ్యం మూటకు బెల్టు వేసిన నా చేతులు విరిచేసుకోవాలనిపించింది.

నర్సు రిజిస్టరు పట్టుకుని వచ్చింది. "సోమవారం సంగతి ఏం చేశారు?" అని నన్ను అడిగింది.

నేను నోరు తెరిచేలోపు అత్త, "రాసుకోమ్మా, వస్తాం" అంది. తర్వాత సూది లేని చేత్తో నా కొంగు పట్టి దగ్గరకు లాగింది.

"సోమవారం ఇంగో పావుగంట ముందే బయల్దేరుదాం మే. గేటు పడితే ఆలస్యమైతాది. నా కుర్చీ ఇంగెవురికన్నా ఇచ్చేస్తారు" అంది.